సామాన్ల లిస్టులో ఒక బూటు: కరోనర్ దాకా వెళ్ళిన ఒక కేస్

ఈ కేస్ రాయడానికి ఆ ఇంటి అబ్బాయి ఒప్పుకున్నాడు, అయినా సరే ఊర్లు, వయసులు, రోజులు కొంచెం అటూ ఇటూ మార్చాను, కాబట్టి ఇది ఫలానా వాళ్ళేనా అని కామెంట్లలో అడగొద్దు ప్లీజ్. నేను గుంటూరులో ఎంబీబీఎస్ చదివి ఇంగ్లండ్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, అసలు పని మత్తు డాక్టర్‌ని, వారంలో రెండు పూటలు మాత్రం మెడికల్ ఎగ్జామినర్‌గా చేస్తా. మెడికల్ ఎగ్జామినర్ అంటే ఇండియాలో మనవాళ్ళు శవాలు కోసే డాక్టర్ అనుకుంటారు, కాదు. నేను ఎవర్నీ కొయ్యను, ఎక్కువ భాగం కాగితాలు చదవడం, ఫోన్‌లో మాట్లాడటం అంతే. ఎవరైనా చనిపోతే ట్రీట్‌మెంట్ ఇచ్చిన డాక్టర్ ఏం కారణం రాద్దామనుకుంటున్నాడో, ఆ పేషెంట్‌తో ఏ సంబంధం లేని ఇంకో సీనియర్ డాక్టర్ చూడాలి, ఇంటివాళ్ళతో కూడా మాట్లాడాలి. మూడు ప్రశ్నలు మా పని: ఈ మనిషి దేనివల్ల పోయారు, ఇది కరోనర్‌కి (అసహజ చావుల్ని విచారించే అధికారి, ఆ సంగతి కింద చెప్తా) చెప్పాల్సిన చావేనా, వైద్యంలో ఎక్కడైనా తేడా జరిగిందా.

ఆ రోజు పొద్దున్న నా ముందుకొచ్చిన కేస్ చూడ్డానికి చాలా సింపుల్‌గా ఉంది. 61 ఏళ్ళ ఆవిడ, తెనాలి దగ్గర పల్లెటూరు, విజిటర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చి ఐదు వారాలు అయింది, షుగర్, బీపీ, కాస్త లావు. తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్తూ కుప్పకూలిపోయింది. అంబులెన్స్ వాళ్ళు వచ్చి సీపీఆర్ చేసుకుంటూనే మా క్యాజువాలిటీకి తెచ్చారు, మానిటర్‌లో గుండె కరెంటు కనిపిస్తోంది కానీ పల్స్ లేదు, ఎకో పెట్టి చూస్తే గుండె కుడి పక్క ఉబ్బిపోయి ఉంది. ఊపిరితిత్తుల్లో పెద్ద గడ్డ అడ్డుపడి ఉంటుందని గడ్డ కరిగించే ఆల్టెప్లేజ్ ఇచ్చారు, ఆ మందు ఇచ్చాక గంట, గంటన్నర దాకా సీపీఆర్ ఆపకూడదు కాబట్టి అంతసేపూ చేశారు. రాలేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టర్ చాలా బాగా చేశాడు, నోట్స్ కూడా నీట్‌గా రాశాడు, కింద ప్రతిపాదన: 1(ఎ) మాసివ్ పల్మనరీ ఎంబాలిజం (ఊపిరితిత్తి నాళానికి పెద్ద గడ్డ అడ్డుపడటం, ఇది అసలు కారణం), 2 షుగర్, హై బీపీ (ఇవి తోడైనవి). సహజ మరణం, సర్టిఫికెట్ ఇచ్చేస్తా సర్ అన్నాడు.

నేను కూడా సరే అనేవాడినే, నిజం చెప్తున్నా. లంచ్ టైమ్ అవుతోంది, క్యూలో ఇంకా నాలుగు ఫైళ్ళు ఉన్నాయి. కానీ అలవాటు ప్రకారం చివర్లో ఉండే నర్సింగ్ కాగితాలు కూడా తిరగేస్తా, అందులో పేషెంట్ సామాన్ల లిస్టు ఉంటుంది. పసుపు రంగు లోహపు గొలుసు ఒకటి (బంగారం అని రాయరు, లోహం అనే రాస్తారు), నల్లపూసలు, గాజులు ఆరు, నైటీ కత్తిరించబడింది, స్వెటర్, ఎడమ కాలి సర్జికల్ బూటు ఒకటి, బూడిద రంగు. మడమ ఎముక విరిగిన వాళ్ళకి వేసే, వెల్క్రో పట్టీల పెద్ద బూటు అది. నోట్స్ మొత్తంలో ఎక్కడా కాలి గురించి ఒక్క ముక్క లేదు. ఆ కుర్రాడికి ఫోన్ చేసి అడిగితే, అవును సర్ ఏదో ఉంది, రిసస్‌లో (ప్రాణాపాయ కేసులు చూసే గది) తీసి పక్కన పడేశాం, బెణికింది అనుకున్నా అన్నాడు. మా సిస్టంలో చూస్తే పాత విజిట్ ఏమీ లేదు. ఇంకో ట్రస్ట్ (ఇక్కడ ప్రభుత్వ ఆసుపత్రులు నడిపే సంస్థ) వాళ్ళ చిన్న గాయాల యూనిట్‌లో చూపించుకున్నారు, ఆ రికార్డు మా కంప్యూటర్‌కి కనపడదు, 2020లు వచ్చినా ఇంగ్లండ్‌లో ఇది ఇంతే.

ఇక్కడే కేస్ తిరిగింది. పల్మనరీ ఎంబాలిజం అనేది జబ్బే, సహజమే, అది ఎవరూ కాదనరు. కానీ ఇక్కడి చట్టం అడిగేది చివర్లో ఏం జరిగిందని ఒక్కటే కాదు, అది ఎక్కడ మొదలైందని కూడా. తర్వాత తెలిసింది ఇదీ: పదహారు రోజుల ముందు బాత్రూమ్‌లో పడింది, మడమ ఎముక విరిగింది, కాలు కదపకుండా బూటులో పెట్టారు, కదలని కాలి సిరలో రక్తం గడ్డకట్టింది, ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఈ గొలుసులో మొదటి లింకు గాయం. గాయంతో మొదలైన చావు అసహజ మరణం కిందకి వస్తుంది, మధ్యలో ఎన్ని జబ్బులు వచ్చినా సరే. తొంభై ఏళ్ళ ముసలాయన జారిపడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ తర్వాత మూడు వారాలకి న్యుమోనియాతో పోతే అదీ కరోనర్‌కే. నలభై ఏళ్ళ క్రితం షిప్‌యార్డ్‌లో ఆస్బెస్టాస్ దుమ్ము పీల్చిన వాడికి ఇప్పుడు మీసోథీలియోమా (ఊపిరితిత్తి పొరకి వచ్చే క్యాన్సర్) వచ్చి పోతే అదీ కరోనర్‌కే, ఎందుకంటే మూలం ఉద్యోగం. 2019 అక్టోబర్ 1 నుంచి ఇది డాక్టర్ల ఇష్టాయిష్టాల మీద లేదు, విషం, మందులు, గాయం, ఆత్మహత్య, నిర్లక్ష్యం, ఆపరేషన్, ఉద్యోగం వల్ల జబ్బు, కారణం తెలియని చావు, కస్టడీ, ఇలా ఏది ఉన్నా రాతపూర్వకంగా కరోనర్‌కి తెలియజేయడం చట్టప్రకారం డ్యూటీ.

కరోనర్ అంటే ఎవరో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. జడ్జి లాంటి ఇండిపెండెంట్ అధికారి, లోకల్ కౌన్సిల్ జీతమిస్తుంది కానీ కౌన్సిల్ మాట వినక్కర్లేదు, పోలీసు కాదు, ఆసుపత్రి మనిషి అంతకన్నా కాదు, ఇప్పుడు కొత్తగా వచ్చే వాళ్ళంతా లాయర్లే, వెనకటికి డాక్టర్లు కూడా ఉండేవాళ్ళు. ఈ ఉద్యోగం 1194 నాటిది, అప్పట్లో రాజుగారి ఖజానాకి రావాల్సిన డబ్బులు చూసుకోవడమే అసలు పని. మనిషిని చంపిన బండినో, గుర్రాన్నో, దాని విలువనో రాజు జప్తు చేసుకునేవాడు, దాన్ని డియోడాండ్ అనేవాళ్ళు, రైళ్ళు వచ్చి రైలింజన్లకి కూడా ఈ లెక్క కట్టడం మొదలయ్యాక కంపెనీలు గగ్గోలు పెడితే 1846లో తీసేశారు. ఆ లెక్కన ఈ కేసులో ఆవిడ జారిపడ్డ బాత్‌టబ్‌ని జప్తు చెయ్యాలి. ఇప్పటి పని 2009 చట్టం ప్రకారం: చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా. నాలుగే. ఎవరి తప్పు అనేది అందులో లేదు, పేరు పెట్టి ఫలానా వాడు నేరస్తుడనో నష్టపరిహారం కట్టాలనో అనిపించేలా తీర్పు రాయకూడదని అదే చట్టంలో ఉంది. ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి, స్కాట్లండ్‌లో కరోనరే లేడు, అక్కడ ప్రొక్యురేటర్ ఫిస్కల్ అనే ప్రభుత్వ ప్రాసిక్యూటర్ చూస్తాడు.

మరి మధ్యలో నా ఉద్యోగం ఎందుకొచ్చింది అంటే హారాల్డ్ షిప్‌మన్ వల్ల. మాంచెస్టర్ పక్కన హైడ్ అనే ఊర్లో జీపీ (మన ఫ్యామిలీ డాక్టర్ లాంటివాడు), ఊరంతా దేవుడిలా చూసిన డాక్టర్, ముసలావిడలకి డైమార్ఫిన్ అనే బలమైన మత్తుమందు ఇచ్చి చంపి, తనే సర్టిఫికెట్ రాసి, తనే సంతకం పెట్టేవాడు. 2000 జనవరిలో 15 హత్యలకి శిక్ష పడింది, తర్వాత ఎంక్వైరీలో తేలిన లెక్క 215. సర్టిఫికెట్ రాసేవాడే కరోనర్‌కి చెప్పాలో వద్దో నిర్ణయించుకునే పద్ధతి కాబట్టి అన్నేళ్ళు ఎవరికీ తెలియలేదు. ఎంక్వైరీ జడ్జి డేమ్ జానెట్ స్మిత్ 2003లోనే ఈ పద్ధతి మార్చమన్నారు, 2009లో చట్టం వచ్చింది, మెడికల్ ఎగ్జామినర్ చూడటం అందరికీ తప్పనిసరి అయ్యింది మాత్రం 2024 సెప్టెంబర్ 9న. మన దగ్గర ఫైళ్ళు కదలవని తిట్టుకుంటాం కదా, ఇదీ చూడండి.

సరే, కొడుక్కి ఫోన్ చేశాను. నేను తెలుగులో మాట్లాడేసరికి అవతల కాసేపు మాట లేదు, తర్వాత ఏడుపు. ముప్పై ఐదేళ్ళ లోపు అబ్బాయి, ఐటీ, పాప పుట్టిందని అమ్మని పిలిపించుకున్నాడు. మెల్లిగా మొత్తం చెప్పించుకున్నా. ఆవిడకి షవర్ అలవాటు లేదు, బాత్‌టబ్‌లో బకెట్, మగ్గు పెట్టుకుని పోసుకునేది, టబ్బు గోడ దాటి బయటికొస్తూ కాలు జారింది. సరిగ్గా పదహారు రోజుల క్రితం. చిన్న గాయాల యూనిట్‌లో ఎక్స్‌రే తీసి చిన్న పగులు అన్నారు, ఆపరేషన్ అక్కర్లేదు అని బూటు వేసి ఫ్రాక్చర్ క్లినిక్ అపాయింట్‌మెంట్ ఉత్తరం ఇంటికి పంపారు. ఆ క్లినిక్‌కి వెళ్ళలేదు. ఎందుకంటే విజిటర్స్‌కి క్యాజువాలిటీ ఫ్రీ కానీ ఆ తర్వాత క్లినిక్, వార్డు, అన్నిటికీ ఛార్జ్ ఉంటుంది, అదీ మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు, ఆవిడకి చేయించిన ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ ఎలా చేయాలో వీళ్ళకి అర్థం కాలేదు. ఎముక చిన్నదే కదా, అదే అతుక్కుంటుందని కూర్చోబెట్టారు. ఆవిడ కూడా పిల్లలకి ఖర్చు ఎందుకని సోఫాలో కాలు చాపుకుని సీరియల్స్ చూస్తూ ఉండిపోయింది. కదిలిస్తే ఎముక మళ్ళీ విరుగుతుందని ఎవరో చుట్టాలు వీడియో కాల్‌లో చెప్పారట, అందుకని బాత్రూమ్‌కి తప్ప లేవలేదు.

"పోయేముందు రెండ్రోజులు ఎలా ఉన్నారు?" అని అడిగా. "గ్యాస్ పట్టేసింది డాక్టర్ గారూ, ఛాతీలో గ్యాస్, మెట్లెక్కితే ఆయాసం. వాము నీళ్ళు తాగింది, మా దగ్గరున్న ప్యాన్ ఫార్టీ వేశాం."

ఈ గ్యాస్ అనే మాట ఇంకో గొడవ చేసింది. తెల్లవారుజామున కంగారులో కోడలు అంబులెన్స్ వాళ్ళతో కూడా ఇదే చెప్పింది, రెండ్రోజుల నుంచి గ్యాస్ ప్రాబ్లెమ్ అని. వాళ్ళ షీట్‌లో అది గ్యాస్ ఎక్స్‌పోజర్, ప్రశ్నార్థకం అయిపోయింది. ఈ దేశంలో ఇంట్లో మనిషి హఠాత్తుగా పోయి, గ్యాస్ అనే మాట వినపడితే వాళ్ళకి తట్టేది బాయిలర్ లీకై కార్బన్ మోనాక్సైడ్. పోలీసులు ఇంటికెళ్ళారు, గ్యాస్ ఎమర్జెన్సీ వాళ్ళొచ్చి సప్లై కట్ చేశారు, చలికాలంలో రెండు నెలల పసిపిల్లతో ఒక రాత్రంతా వేడినీళ్ళు, హీటింగ్ లేకుండా ఉన్నారు, పక్కింటి వాళ్ళు గొళ్ళెం వెనక నుంచి చూస్తున్నారు. క్యాజువాలిటీలో తీసిన బ్లడ్ గ్యాస్ రిపోర్ట్ నేను చూశా, కార్బాక్సీ హిమోగ్లోబిన్ (రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఎంత పట్టిందో చెప్పే లెక్క) రెండు శాతం లోపే, అంటే మామూలే. వెంటనే కరోనర్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, తెలుగువాళ్ళు గ్యాస్ అంటే కడుపు ఉబ్బరం నుంచి హార్ట్ ఎటాక్ దాకా ఛాతీ చుట్టుపక్కల వచ్చే ఏ బాధైనా అని అర్థం చేసుకోవాలి అని చెప్పా. ఆవిడ నవ్వలేదు, రాసుకుంది. ఆవిడ ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తోంది. కరోనర్ అనగానే అందరూ కోర్టులో కూర్చునే మనిషిని ఊహించుకుంటారు కానీ ఇంటివాళ్ళకి రోజూ తగిలేది ఈ ఆఫీసర్లే, స్టేట్‌మెంట్లు, ఫోన్లు, ఓదార్పులు అన్నీ వీళ్ళ మీదే నడుస్తాయి.

ఇప్పుడు కష్టమైన భాగం, పోస్ట్‌మార్టమ్. కొడుకు ఒకటే మాట, "అమ్మని కోయొద్దు డాక్టర్ గారూ, నాన్న తట్టుకోలేడు." ఊర్లో ఉన్న నాన్నగారు నాతోనే మాట్లాడతానన్నారు, వాట్సాప్‌లో కలిపారు. డెబ్బైకి దగ్గర, కౌలుకి ఇచ్చిన రెండెకరాలు చూసుకుంటారు. "బాబూ, పుణ్యస్త్రీగా పోయింది, పసుపు కుంకుమలతో సాగనంపాలి, అన్ని ముక్కలు చేసి పంపితే నేనేం చూసేది" అన్నారు. నేను "బాబాయ్ గారూ" అని మొదలుపెట్టి ఏం చెప్పాలో తెలియక ఆగిపోయా, ఎందుకంటే ఇది నా చేతిలో లేదు, ఆయన చేతిలో కూడా లేదు. ఆసుపత్రి తనంతట తాను పోస్ట్‌మార్టమ్ చేయాలంటే ఇంటివాళ్ళ సంతకం కావాలి, కరోనర్ ఆర్డర్ వేస్తే ఎవరి సంతకం అక్కర్లేదు. ఎప్పుడు, ఎక్కడ చేస్తున్నారో చెప్తారు, కావాలంటే వాళ్ళ తరఫున ఒక డాక్టర్‌ని నిలబెట్టుకోవచ్చు, ఆపడం మాత్రం కుదరదు.

స్కాన్‌తో అయిపోదా అని అడిగారు, మంచి ప్రశ్నే. ఇక్కడ చాలా చోట్ల చనిపోయినవాళ్ళకి సీటీ తీసి కోయకుండానే తేలుస్తున్నారు, యూదులు, ముస్లింల డిమాండ్‌తో అది బాగా పెరిగింది. మెదడులో రక్తస్రావం, ఎముకలు, పగిలిన అయోర్టా (గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం), ఇవన్నీ సీటీలో చక్కగా కనపడతాయి. కానీ సరిగ్గా ఈ కేసుకే అది పనికిరాదు. మామూలు సీటీలో ఊపిరితిత్తి నాళంలో గడ్డ కనపడినా, అది బతికుండగా వచ్చి చంపిన గడ్డా, చచ్చిపోయాక రక్తం నిలిచిపోయి పేరుకున్న గడ్డా అనేది నమ్మకంగా చెప్పలేం. చేత్తో పట్టుకుని చూడాల్సిందే. చచ్చాక కట్టిన గడ్డ మెత్తగా, జారుడుగా, పైన కోడి కొవ్వులాంటి పసుపు పొరతో, తను ఉన్న నాళం ఆకారంలోనే అచ్చు పోసినట్టు వస్తుంది. బతికుండగా కాలి నుంచి వచ్చిన గడ్డ గట్టిగా, పొడిపొడిగా, మడతలు పడి, ఊపిరితిత్తి నాళానికి అతకని సైజులో ఉంటుంది, మైక్రోస్కోప్ కింద పెడితే చారలు చారలుగా పొరలు కనిపిస్తాయి. కరోనర్ గారు ఒక మధ్యేమార్గం ఒప్పుకున్నారు, తల తెరవక్కర్లేదు, ఛాతీ, ఎడమ కాలు మాత్రమే. ముఖం మీద, చేతుల మీద గాటు ఉండదని నాన్నగారికి నేనే చెప్పా. ఆయన "సరే బాబూ" అన్నారు, ఫోన్ పెట్టేశారు.

రిపోర్ట్ మూడో రోజు వచ్చింది. రెండు ఊపిరితిత్తుల నాళాలు విడిపోయే చోట గుర్రం మీద జీను వేసినట్టు అడ్డంగా పడుకున్న గడ్డ, ఎడమ పిక్క సిరలో దాని తాలూకు మిగిలిన ముక్క. మడమ ఎముక సగం అతుక్కుంటోంది. కాలిలో ఉన్న గడ్డ అంచున శరీరం దాన్ని సిర గోడకి అతికించుకోవడం మొదలుపెట్టిందని తర్వాత హిస్టాలజీలో (ముక్కల్ని మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) తేలింది, అంటే పుట్టి కొన్ని రోజులు అయింది. ఇంతకంటే కచ్చితంగా గడ్డ వయసు ఎవరూ చెప్పలేరు, చెప్తే నమ్మకండి. అయినా ఒక అనుమానం తీరింది. విమానంలో అంతసేపు కూర్చుని వచ్చింది కదా, అప్పుడు పట్టిన గడ్డేమో, పడటానికి దీనికి సంబంధం లేదేమో అని ఒక వాదన ఉంది, ఐదు వారాల పాతది అయితే అది ఈ మాదిరి కనిపించేది కాదు అని పాథాలజిస్ట్ రాశాడు. విమానం వాదన నిలబడి ఉంటే ఇది సహజ మరణం కిందకి పోయి ఫైలు అక్కడితో క్లోజ్ అయ్యేది.

క్లోజ్ కాలేదు, ఇన్‌క్వెస్ట్, అంటే కరోనర్ బహిరంగ విచారణ, ఓపెన్ చేశారు. ఓపెన్ చేయడం అంటే ఐదు నిమిషాల పని, గుర్తింపు, తేదీ, చోటు, ప్రాథమిక కారణం చదివి వాయిదా వేస్తారు. చాలామంది మన వాళ్ళు ఇన్‌క్వెస్ట్ అయ్యేదాకా బాడీ ఇవ్వరేమో అని భయపడతారు. అలా కాదు, పరీక్షలు అయిపోతే ఇచ్చేస్తారు. ఇండియాకి పంపాలంటే దేశం దాటించడానికి కరోనర్ అనుమతి విడిగా కావాలి, మరణ ధ్రువీకరణ ఫైనల్ అవ్వదు కాబట్టి తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు, ఎంబామింగ్ కాగితం, జింక్ లైనింగ్ పెట్టె, పాస్‌పోర్ట్ రద్దు, హైకమిషన్ ఎన్‌ఓసీ. ఇవన్నీ తెలిసిన ఫ్యునరల్ డైరెక్టర్ దొరికితే సగం గండం గట్టెక్కినట్టే. హిస్టాలజీకి తీసిన చిన్న ముక్కల్ని తర్వాత ఏం చేయాలో కూడా ఫారంలో అడుగుతారు, తిరిగి ఇవ్వాలా, మర్యాదగా డిస్పోజ్ చేయాలా, దాచాలా అని, 2004 హ్యూమన్ టిష్యూ చట్టం వచ్చినప్పటి నుంచి ఇది కచ్చితం. కొడుకు ఆ ఫారం పట్టుకుని నాకు ఫోన్ చేసి, తర్పణాలు అయిపోయాక ఇవి వస్తే మళ్ళీ ఏం చేయాలండీ అని అడిగాడు. డిస్పోజ్ అని టిక్ పెట్టమన్నా. తొమ్మిదో రోజు పెట్టె శంషాబాద్‌లో దిగింది, అక్కడి నుంచి అంబులెన్స్‌లో ఊరికి.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఇలాంటి కేస్ వస్తే ఏమయ్యేదో గుర్తొచ్చింది. క్యాజువాలిటీ రిజిస్టర్‌లో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేస్) స్టాంపు, ఎస్ఐ గారు వచ్చి సీఆర్‌పీసీ 174 కింద పంచనామా, పంచాయతీదారులు అని నలుగురిని నిలబెట్టి వాళ్ళ అభిప్రాయం ప్రకారం ఫలానా కారణంగా చనిపోయినట్టు రాసి సంతకాలు, పోస్ట్‌మార్టమ్, బాడీ అప్పగింత. ఇప్పుడు నంబర్ మారింది, 2024 జూలై నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194, పని మాత్రం అదే. అక్కడ పోలీసు వెతికేది ఇందులో నేరం ఉందా లేదా అని, లేదు అంటే ఫైలు మూసేస్తారు. నేరం లేకపోయినా ఎందుకు జరిగింది అని ఇంటివాళ్ళు కూర్చుని అడిగే చోటు లేదు. మన దేశంలోనూ కరోనర్లు ఉండేవాళ్ళు, 1871 చట్టం కింద కలకత్తాలో, బొంబాయిలో, బొంబాయిలో అయితే 1999 దాకా. మన జిల్లాలకి ఎప్పుడూ రాలేదు.

అసలు విచారణ ఏడు నెలలకి వచ్చింది. ఆరు నెలల్లో పూర్తి చేయాలని రూల్, అవ్వదు. ఇన్‌క్వెస్ట్ ఎవరైనా వెళ్ళి చూడొచ్చు కాబట్టి సెలవు పెట్టుకుని వెనక బెంచీలో కూర్చున్నా. పెద్ద కోర్టు అనుకోకండి, కౌన్సిల్ బిల్డింగ్‌లో కార్పెట్ వేసిన గది, విగ్గులు లేవు, మంచినీళ్ళ జగ్గు, టిష్యూ పేపర్ల డబ్బా. జ్యూరీ లేదు, జైల్లోనో ఫ్యాక్టరీ ప్రమాదంలోనో పోతే ఉంటుంది. కొడుకు గీత మీద ప్రమాణం చేశాడు. పాథాలజిస్ట్ రాలేదు, రిపోర్ట్ చదివి వినిపించారు. బూటు వేసిన నర్స్ ప్రాక్టీషనర్ వచ్చింది, నాలుగు పదుల వయసు, చేతులు వణుకుతున్నాయి.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. కుటుంబం తరఫున స్టేట్‌మెంట్ రాయడానికి కొడుకు ఊర్లో నాన్నగారిని పాత ఆరోగ్యం గురించి అడిగాడు. ఆయన చెప్పింది ఏంటంటే, రెండో కాన్పు అయ్యాక బాలింతగా ఉన్నప్పుడు ఆవిడ ఎడమ కాలు అరటి బోదెలా వాచిపోయి రెండు నెలలు మంచం దిగలేదు, వాతం చేసింది అన్నారు, ఎవరో నూనె రాసి కట్టు కట్టారు, తగ్గింది. కాన్పు తర్వాత ఒక్క కాలే అలా వాచింది అంటే వైద్యం చదివిన వాడెవడికైనా సిరలో గడ్డే గుర్తొస్తుంది. అది అప్పుడు గడ్డే అని ఇప్పుడు రుజువు చేయలేం, ఆ కాగితాలు లేవు. కానీ ఆ మాట ఆ రోజు బూటు వేసేటప్పుడు ఎవరైనా విని ఉంటే, రక్తం పలుచన చేసే ఇంజెక్షన్ గురించి కచ్చితంగా ఆలోచించాల్సిన మనిషి. 2018 నైస్ (ఇక్కడ వైద్యం ఎలా చేయాలో మార్గదర్శకాలు రాసే సంస్థ) గైడ్‌లైన్‌లో కాలు కట్టేసిన ప్రతి పేషెంట్‌కీ ఇంజెక్షన్ ఇవ్వమని లేదు, రిస్క్ ఎక్కువ ఉన్నవాళ్ళకి పరిశీలించమని ఉంది. అరవై దాటిన వయసు, బరువు ఉండనే ఉన్నాయి, పాత గడ్డ కూడా చేరితే ఇక మాట్లాడే పని లేదు.

కరోనర్ గారు నర్స్‌ని అడిగారు, పాత గడ్డల గురించి అడిగారా? అడిగాను, ఫారంలో లేదు అని టిక్ ఉంది అందామె. ఏ భాషలో అడిగారు?

గదిలో చడీచప్పుడు లేదు. ఇంగ్లీష్‌లో అడిగాను, కోడలు తర్జుమా చేసింది అని చెప్పిందామె. కోడల్ని పిలిచారు. ఆ అమ్మాయి పసిపిల్లని భర్త చేతికిచ్చి వచ్చి నిలబడింది. మీరు తెలుగులో ఏమని అడిగారు అంటే, "అత్తయ్యా, మీకు రక్తం గడ్డకట్టే జబ్బు ఏమన్నా ఉందా అని అడిగానండీ, లేదమ్మా అంది" అని ఇంటర్‌ప్రెటర్‌కి చెప్పి ఏడ్చేసింది. తర్జుమాలో తప్పేం లేదు, నేనున్నా దాదాపు అలాగే అడిగేవాడిని. ఆవిడ చెప్పిందీ అబద్ధం కాదు, ఆవిడకి వచ్చింది వాతం, రక్తం గడ్డ కాదు. కరోనర్ గారు పెన్ కింద పెట్టి ఆ అమ్మాయితో, ఆ పని మీది కాదు, మీ మీద వేసుండకూడదు అన్నారు.

చివర్లో ఆసుపత్రి తరఫు లాయర్ ఏం మార్చారో చెప్పాడు: రిస్క్ ఫారం నింపకుండా బూటు ఇష్యూ అవ్వదు, ఇంటివాళ్ళతో తర్జుమా చేయించకుండా ఫోన్ ఇంటర్‌ప్రెటర్, ఆయాసం వస్తే వెంటనే రమ్మని, క్యాజువాలిటీకి డబ్బులు కట్టక్కర్లేదని పలు భాషల్లో కాగితం. ఇలాంటి మార్పులు కనపడకపోతే కరోనర్ ఇంకోసారి ఇలాంటి చావు జరగకుండా రిపోర్ట్ ఇస్తారు, దానికి 56 రోజుల్లో జవాబు చెప్పాలి, అది పబ్లిక్‌గా కూడా పెడతారు. ఇక్కడ ఇవ్వలేదు, మార్చారు కదా అని. నాకైతే ఇచ్చుంటే బాగుండేదనిపించింది, ఒక ఆసుపత్రి మార్చుకుంది, పక్క ఆసుపత్రికి తెలియదు కదా. నిర్ణయం నాలుగు వాక్యాలు: పడింది, విరిగింది, కాలు కదపకుండా ఉంచడం వల్ల గడ్డ కట్టింది, అది ఊపిరితిత్తుల్లోకి పోయి చనిపోయింది, ప్రమాదవశాత్తూ మరణం. ఇంజెక్షన్ ఇచ్చుంటే బతికేదా అంటే, బతికి ఉండే అవకాశమే ఎక్కువ అని చెప్పగల సాక్ష్యం లేదన్నారు, అందుకని ఆ మాట నిర్ణయంలోకి రాలేదు. కొడుకు బయటికొచ్చాక నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మరి ఎవరిది తప్పన్నట్టు డాక్టర్ గారూ?" ఈ గదిలో అది చెప్పరు బాబూ అన్నా. కోపం వచ్చింది అతనికి, రావాలి కూడా.

ఆ కేస్ తర్వాత నేను ప్రతి ఫైల్లోనూ సామాన్ల లిస్టు ముందు చదువుతున్నా, మా కుర్ర డాక్టర్లకి కూడా అదే చెప్తున్నా. తెలుగు, తమిళం, ఉర్దూ మాట్లాడే ఇళ్ళకి ఫోన్ చేస్తే జబ్బు పేరు అడగను, ఎప్పుడైనా ఒక్క కాలే వాచిందా, ఎన్నాళ్ళు మంచాన ఉన్నారు అని అడుగుతా.

ఫైనల్ సర్టిఫికెట్ రిజిస్ట్రార్ నుంచి రావడానికి ఇంకో రెండు వారాలు పట్టింది. అది తెనాలిలో బ్యాంకుకి తీసుకెళ్తే తీసుకోలేదు, ఆధార్‌లో ఇంటిపేరు ముందు ఉంది, ఇక్కడ వెనక పడింది, ఇద్దరూ ఒకరేనా అని. కొడుకు మళ్ళీ నాకే ఫోన్ చేశాడు, నేను ఆ ముప్పై ఏళ్ళ సర్వీసు ఆఫీసర్‌కి ఫోన్ చేశా. ఆవిడ మొత్తం విని, మీ దగ్గర ఏది ముందు రాస్తారో ఇకమీదట మొదటి రోజే అడుగుతాను అంది. నాన్నగారి పాస్‌బుక్‌లో పేరు మారేసరికి సంవత్సరీకం కూడా వచ్చేసింది.